గుణకారలాఘవము: లీలావతీ సారసంగ్రహముల విచారము

శాస్త్రములకు లాఘవ మొక గుణము. వైయాకరణులు సూత్రమున నర్ధమాత్ర తగ్గినను సంతసింతురు. గణకులకును లాఘవమే యభిమతము. కాని యీ రెండు లాఘవములకును భేదము కలదు. వ్యాకరణమున లాఘవము పలుకునకు సంబంధించినది. గణితమున లాఘవము పనికి సంబంధించినది. పలకయు బలపమును లేక మనస్సుననే పెద్దసంఖ్యలను గుణించునపుడు జ్ఞాపకమున నిలుపవలసిన యంకము లెంత తగ్గిన నంత లాఘవము.

ఇట్టి లాఘవోపాయములు నేఁడు పాఠశాలలయందును, పోటీపరీక్షలకుఁ జదువువారియందును మిక్కిలి వ్యాప్తిలో నున్నవి. వానిలో ననేకములు “వేదగణితము” అను పేరఁ జెల్లుచున్నవి. పేరు గొప్పది. కాని పేరును బట్టి వస్తువును నిర్ణయించుట విమర్శకుని ధర్మము గాదు. ఆ యుపాయము లే గ్రంథములందుఁ గలవు? వాని కుపపత్తి యేమి? వాని నెట్లు బోధింపవలయును? ఈ మూఁడు ప్రశ్నములును విచారణీయములు. మొదటిదానికి సరియైన సమాధానము లేనిచో నిజముగాఁ గనిపెట్టినవారి కీర్తి యితరులపాలగును. రెండవది లేనిచో విద్యార్థి వడిగా లెక్కించునే గాని ఫల మేల యట్లు వచ్చునో యెఱుఁగఁడు. మూఁడవది మొదటి రెంటిమీఁద నాధారపడి యున్నది.

భాస్కరాచార్యుఁడు 1150 లో లీలావతిని రచించెను. అందు గుణకారమున కతఁ డిచ్చిన యుదాహరణము 135 ను 12 చే గుణించుట. పండ్రెండును సూర్యవాచకమైన “దివాకర” శబ్దముచే సూచించెను. ద్వాదశాదిత్యుల నెఱిఁగినవాని కది వెంటనే తెలియును. లెక్క చిన్నదే. కాని యాచార్యుఁడు దాని నైదువిధములఁ జేయుట చూపెను. మొదటిది, గుణ్యమునందలి యొక్కొక్క యంకమును 12 చేతనే గుణించుట. రెండవది, గుణకమును 8, 4 అని ఖండించి, 1080, 540 అను ఫలములను గూర్చుట. మూఁడవది, గుణకమును 4, 3 అను భాజకములుగా విభజించి, 135 ను 4 చే గుణింపఁగా వచ్చిన 540 ని మరల 3 చే గుణించుట. నాలుగవది, స్థానములను వేఱుచేసి 1, 2 లచే వేఱువేఱుగ గుణించి, ఫలములను స్థానక్రమమునఁ గూర్చుట. ఐదవది యిష్టగుణనము. గుణకమునకు 8 కూర్చి 20 గాఁ జేసి, వచ్చిన 2700 నుండి 1080 తీసివేయవచ్చును. లేదా గుణకమున 2 తగ్గించి 10 గాఁ జేసి, వచ్చిన 1350 కి 270 కూర్పవచ్చును. ఎట్లు చేసినను ఫలము 1620.

ఈ యైదింటిలో మూఁడవది తప్పఁ దక్కినవాని కెల్ల నాధార మొక్కటియే: ఒక మొత్తముచే గుణించుటయు, దాని భాగములచే వేఱువేఱుగ గుణించి కూర్చుటయు సమానము. భాగము తక్కువైనచోఁ గూర్పు, ఎక్కువైనచోఁ దీసివేఁత. మూఁడవదానికి మాత్రము వరుసగా భాజకములచే గుణించుటయు, వాని గుణనఫలముచే నొక్కమాఱే గుణించుటయు సమాన మనుట యాధారము. ఈ విభాగము భాస్కరుఁడు క్రొత్తగాఁ గల్పించినది కాదు. అతనికి నైదువందలయేండ్లకుఁ బైగాఁ బూర్వుఁడైన బ్రహ్మగుప్తుఁడు 628 లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున గోమూత్రికా, ఖండ, భేద, ఇష్ట నామములతో నాలుగు గుణనప్రకారములను జెప్పియున్నాఁడు. భాస్కరుని విశేషము మఱియొకటి. ఒక్క చిన్న యుదాహరణముమీఁద నన్నిటిని నిలిపి, వానిని బోల్చుకొనుటకు విద్యార్థికి వీలు కల్పించుట యతని నేర్పు. సంఖ్య పెద్దదైనచో బుద్ధి యంకములలోఁ జిక్కుకొనును. చిన్నదగుటచే మార్గముమీఁదనే నిలుచును.

వర్గప్రకరణమున నీ యిష్టమార్గము మఱింత స్పష్టముగాఁ గానవచ్చును. అచ్చటి నియమము లలో నొకటి యిది: ఏ రాశికి వర్గము కావలయునో దానికొక యిష్టసంఖ్యను గూర్చియుఁ దగ్గించియు, నా రెంటిని బరస్పరము గుణించి, యిష్టముయొక్క వర్గమును గలుపవలయును. ఆపై నడిగిన సంఖ్యలు నాలుగు: 9, 14, 297, 10005. ఇందుఁ గడపటి రెంటిని మూలమునఁ జెప్పిన తీరు గమనింపఁదగినది. 297 కు శతదశైకస్థానములఁ బేర్కొనక, మూఁడువందలలో మూఁడు తక్కువ యనియు, 10005 కుఁ బదివేలపై నైదు ఎక్కువ యనియు నాచార్యుఁడు పలికెను. ఇది కేవలము ఛందస్సు కొఱకైన పదప్రయోగ మని త్రోసివేయువారు త్రోసివేయవచ్చును. శ్లోకమునందు సంఖ్యానామము లెన్నియో ఛందోవశమున మాఱుచుండుట నిజమే. కాని యీ పలుకును నియమముతోఁ గలిపి చూచినచో, నేది యిష్టముగాఁ గొనవలయునో ప్రశ్నమునందే నిర్దేశింపఁబడిన ట్లగపడును. 297 కు 3 ఇష్టమైనచో 300 ను 294 చే గుణింపఁగా 88200; దానికి 9 కూర్పఁగా 88209. 10005 కు 5 ఇష్టమైనచో 10010 ని 10000 చే గుణింపఁగా 100100000. దానికి 25 కూర్పఁగా 100100025. రెండును మనస్సున జరుగు పనులే. రెండు సంఖ్యలకును రెండును దగిన పేళ్లే యగుట యాకస్మిక మనుటకంటె నాచార్యుని యుద్దేశ మనుటయే సమంజసము.

సంస్కృతభాషయందే యీ తగ్గింపుపలుకు సహజముగా నున్నది. పందొమ్మిదికి “ఏకోనవింశతి” యని పేరు. అనఁగా నొకటి తక్కువ యిరువది. తెలుఁగు “పందొమ్మిది” పదిమీఁద తొమ్మిదిని గూర్చి చెప్పునది. అయినను మన వ్యవహారమున “మూఁడు తక్కువ నూఱు” అను పలుకు పల్లెలయందును బజారులందును విననగుచునే యున్నది. ఆ పలుకు పలికిన బాలునకు 97 ను గుణించు మార్గము సగము తెలిసినట్లే. కావున నిష్టగుణనమును దెలుఁగున బోధించుటకుఁ గ్రొత్తపరిభాష యక్కఱలేదు.

భాస్కరునికి మూఁడువందల యేండ్లకుఁ బూర్వము, రాష్ట్రకూటప్రభువగు నమోఘవర్ష నృపతుంగుని కాలమున, సుమారు 850 ప్రాంతమున, జైనగణకుఁడైన మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమును రచించెను. దీనిని యమ్. రంగాచార్యులవారు పరిష్కరించి, యాంగ్లానువాదముతో 1912 లో మదరాసునఁ బ్రకటించిరి. ఇందు గుణకారమునకుఁ “బ్రత్యుత్పన్న” మని పేరు. గుణ్యగుణకములను దలుపురెక్కలవలెఁ జేర్చి నిలిపి లెక్కించు కపాటసంధి యిందుఁ జెప్పఁబడినది. ఇది పాటిమీఁద, అనఁగాఁ బలకమీఁద, వ్రాయుచుఁ దుడుచుచుఁ జేయు పని. ధూళిపలకపై నంకములు మార్చుట సులభము గాన నా మార్గ మా సాధనమునకుఁ దగినది. మనస్సునకు మాత్రము బరువు. ఒకే గ్రంథమున నున్నను బలకకుఁ దగిన మార్గము వేఱు, మనస్సునకుఁ దగిన మార్గము వేఱు అను వివేచన మీ గ్రంథములను జదువువారి కావశ్యకము.

మహావీరుని గుణకారోదాహరణములలో ముఖ్యముగా వాసికెక్కినవి కంఠాభరణసంఖ్యలు. ఫలమునందలి యంకములు హారమునందలి మణులవలె నిరువైపుల నొక్క తీరున నుండును. 139 ని 109 చే గుణింపఁగా 15151. 12345679 ని 9 చే గుణింపఁగాఁ దొమ్మిది యొకట్లు. 152207 ను 73 చే గుణింపఁగా నెనిమిది యొకట్లు. 27994681 ని 441 చే గుణింపఁగా 12345654321. వీనిని వినోదములుగాఁ బరిగణించి విడుచువారు కలరు. ఆ యభిప్రాయము పునర్విచారింపఁదగినది.

మొదట, ఇట్టి ఫలము తన్ను దానే పరీక్షించుకొనును. హారమున నొక మణి తప్పినఁ గన్ను వెంటనే పట్టును. గురువు ప్రక్కన లేని విద్యార్థికి దన తప్పు తానే తెలిసికొనుటకు నింతకంటె మంచి సాధన ముండదు. రెండవది, ఈ లెక్కలు గుణనమార్గములకుఁ దార్కాణములుగా నుపయోగించును. 12345679 ని 9 చే నంకమంకముగ గుణింపఁ బనిలేదు. పదిచే గుణించి యొకమాఱు తీసివేసినఁ జాలును: 123456790 లో 12345679 పోఁగా 111111111. ఇది యిష్టగుణనమే. 441 యనునది 21 యొక్క వర్గము. 27994681 యనునది 5291 యొక్క వర్గము. 5291 ని 21 చే గుణింపఁగా 111111. కావున నా యుదాహరణమున ఫలము 111111 యొక్క వర్గమే యగును. ఇది భాజకవిభాగము. ఆచార్యుఁ డీ సంఖ్యల నిట్లే కనుగొనెనని నిశ్చయించుట సాహసము. కాని సంఖ్యలయం దీ కట్టడి యున్న మాట నిశ్చయము. దీనిని జూపిన యుపాధ్యాయుఁడు వినోదమును విద్యగా మార్చినవాఁ డగును.

ఆంధ్రులకు మహావీరుఁడు పరాయివాఁడు గాఁడు. ఆ గ్రంథమును దెలుఁగుపద్యముల ననువదించి పావులూరి మల్లన సారసంగ్రహగణితమును రచించెను. 11, 12 శతాబ్దుల నడుమ నతని కాలమును గూర్చి పండితులలో వాద మున్నను, దెలుఁగున మొదటి గణితగ్రంథ మదియే యనుటలో వివాదము లేదు. మూలమునందలి జైనప్రసక్తుల స్థానమున శైవభావములను నిలిపి, గ్రంథమును దన శ్రోతలకుఁ దగినట్లుగా మలఁచుకొనెను. శాస్త్రము మతమున కతీత మని వేఱుగఁ జెప్పకయే, మతభేదమున్నను శాస్త్రమును స్వీకరింపవచ్చు నని యతని యనువాదము చాటుచున్నది. అతఁడు దన మూలమును దాఁచలేదు. ఈ గుణము తరువాతి విషయమునకు ముఖ్యము.

మఱియొక గుణనమార్గము తత్స్థము. గుణ్యగుణకములను దొలఁగింపక యున్నచోటనే యుంచి ఫలమును దీయుటచే దీని కీ పేరు. 213 ను 132 చే గుణింపవలయునన్న: ఏకస్థానముల గుణనము 3, 2 లకు 6. ఏకదశస్థానముల నడ్డముగ గుణించి కూర్పఁగా 1, 2 లకు 2, 3, 3 లకు 9, మొత్తము 11. పిమ్మట మూఁడుస్థానములను గలిపి 2, 2 లకు 4, 1, 3 లకు 3, 3, 1 లకు 3, మొత్తము 10. అటుపై 2, 3 లకు 6, 1, 1 లకు 1, మొత్తము 7. కడపట 2, 1 లకు 2. ఎక్కుడంకములను మీఁదిస్థానమునకుఁ బంపఁగా 28116. నడిమి ఫలములను వరుసలుగా వ్రాయనక్కఱలేదు, ఒక్క వరుసయే. లీలావతికి 1545 లో బుద్ధివిలాసిని యను వ్యాఖ్యను రచించిన గణేశదైవజ్ఞుఁడు దీనిని విపులముగా వివరించి, యడ్డగుణనమును వజ్రాభ్యాసముతోఁ బోల్చి, గురుపరంపరగా నోట వినక మందబుద్ధులకిది పట్టుపడదని హెచ్చరించెను. ఆ హెచ్చరిక యుపాయముయొక్క లోపమును గాక, బోధనయొక్క యావశ్యకమును దెలుపునది.

ఇఁక వేదగణితవిచారము. పూరీ గోవర్ధనమఠాధిపతులైన శ్రీ భారతీకృష్ణతీర్థస్వామివారు (1884-1960) రచించిన గ్రంథము వారి నిర్యాణానంతరము 1965 లోఁ బ్రకటింపఁబడినది. అందుఁ బదియాఱు సూత్రములును, గొన్ని యుపసూత్రములును గలవు. ఇవి యథర్వవేదపరిశిష్టమునఁ గలవని చెప్పఁబడినది. బోలింగు, నెగెలైను పండితులు 1909-10 లో లైప్‌జిగ్ నగరమునఁ బ్రచురించిన యథర్వవేదపరిశిష్టములలో నివి కానరావు. స్వామివారి గ్రంథమును సంపాదించిన వాసుదేవశరణ అగ్రవాలుగారే, తెలిసిన పరిశిష్టములలో నివి లేవని యంగీకరించి, యా గ్రంథమునే యొక నూతనపరిశిష్టముగాఁ బరిగణింపవలయు నని వ్రాసిరి. గ్రంథారంభమున 1/19 వంటి భిన్నములను దశాంశరూపమునకు మార్చు విధానము కలదు. దశాంశభిన్నలేఖనము వేదవాఙ్మయమున నెచ్చటను లేదు. కావున బహిఃప్రమాణమును, నంతఃప్రమాణమును నొక్కటే చెప్పుచున్నవి: ఆ సూత్రములు వైదికములు గావు, స్వామివారి స్వకృతులు.

దీనివలన స్వామివారి ప్రతిభకు లోపము రాదు. పైగా నది వృద్ధియే యగును. పరిహరింపవలసినది పేరువలనఁ గలుగు భ్రాంతి. ఊర్ధ్వతిర్యక్ సూత్రమని నేఁడు నేర్పఁబడు గుణనము పైఁ జూపిన తత్స్థమే; గణేశుని వ్యాఖ్యయే దానికి సాక్షి. అయిదుతో ముగియు సంఖ్యను వర్గించుటకు, 65 లో 6 ను దానికంటె నొకటి యెక్కువైన 7 చే గుణించి 42 వ్రాసి, ప్రక్క 25 చేర్చి 4225 అనుట “ఏకాధిక” సూత్రఫల మందురు. లీలావతి వర్గనియమమున 5 నిష్టముగాఁ గొనినచో 70 ని 60 చే గుణించి 25 కూర్చుట యగును, రెండును నొక్కటియే. “నిఖిల” సూత్రముచే 97 ను 96 చే గుణించునపుడు కొఱఁతలు 3, 4, 97 లో 4 పోఁగా 93, కొఱఁతల గుణనఫలము 12, కావున 9312. దీని యుపపత్తి: 97 ను నూటిచే గుణించి 9700 నుండి 97 నాలుగులు తీయవలయును, 97 నాలుగు లనఁగా 400 లో 12 తక్కువ, కావున 9300 కు 12 కూడును. ఇదియు నిష్టగుణనమును రెండుమాఱులు వాడుటయే. ఇట్టి యుపాయముల కన్నిటికిని “వేద” మని పేరిడినచో బ్రహ్మగుప్తుఁడు, మహావీరుఁడు, మల్లన, భాస్కరుఁడు, గణేశుఁడు నొక్కమాఱే విస్మృతులగుదురు. వేదములకును దీనివలన గౌరవము హెచ్చదు. యజుస్సంహితలలోఁ బదింతలు పదింతలుగాఁ బరార్ధమువఱకుఁ గల సంఖ్యానామములును, బౌధాయనాదుల శుల్బసూత్రములలోఁ గర్ణవర్గనియమమును గలవు. ఉన్న సొత్తు నెఱుఁగక లేని సొత్తు నారోపించుట భక్తి కాఁజాలదు.

ఉపాయముల యెల్లలను గూడఁ జెప్పుట విమర్శధర్మము. నిఖిలమార్గము నూఱు, వేయి మొదలగు సంఖ్యలకు సమీపమున నున్నపుడే లాఘవము నిచ్చును. 997 ను 988 చే గుణించునపుడు కొఱఁతలు 3, 12, ఫలము 985036, మిక్కిలి సులభము. 67 ను 48 చే నట్లే గుణించినఁ గొఱఁతలు 33, 52. ఆ రెంటి గుణనము, అనఁగా 1716, మొదటి లెక్కకంటె సులభము గాదు. పిమ్మట 1500 కు దానిని గూర్చి 3216 అనవలయును. అచ్చట 67 ను 50 చే గుణించి 3350 నుండి 134 తీయుటయే లాఘవము. కాఁబట్టి సూత్రమును గంఠస్థము చేయుటకంటె సంఖ్యను జూచి యిష్టము నెన్నుకొనుటయే ముఖ్యము. “ఇష్ట” మను పారిభాషికమే యీ స్వాతంత్ర్యమును దెలుపుచున్నది: ఎన్నిక గణకునిది.

వడి యొక్కటే గుణము గాదు, సరిచూచుటయు నవసరము. పదవ శతాబ్దివాఁడైన రెండవ యార్యభటుఁడు మహాసిద్ధాంతమునఁ జెప్పిన తొమ్మిదుల పరీక్ష దీనికిఁ దగినది. 213 నందలి యంకముల మొత్తము 6. 132 నందును 6. వాని గుణనము 36, మొత్తము 9. ఫలమైన 28116 నం దంకముల మొత్తము 18, మరల 9, సరిపడినది. అయినను నంకములు తాఱుమాఱై 28161 అని వ్రాసినను నీ పరీక్ష తప్పు పట్టఁజాలదు. పరీక్ష కుదురనిచోఁ దప్పు నిశ్చయము. కుదిరినచో నొప్పు సంభావ్యము మాత్రమే. ఈ భేదమును బాలురకుఁ జెప్పుట వారికిఁ దర్కమును నేర్పుటయే.

1980 లో లండను నగరమున ఇంపీరియల్ కళాశాలయందు శకుంతలాదేవి పదుమూఁడేసి యంకముల సంఖ్యలు రెంటిని 28 నిమేషమాత్రమైన క్షణములలో, అనఁగా 28 సెకండ్లలో, గుణించి సరియైన ఫలమును జెప్పెను. ఇట్టి సిద్ధి సూత్రమాత్రముచే రాదు. అవధానికి ఛందస్సు తెలిసినంతమాత్రమున నవధానము సాగదు, ధారణ కావలయును. గణకునికిని నంతియే. ధారణకు మొదటి మెట్టు ఎక్కములు. వీధిబడులలో బాలురు వరుసలు దీర్చి గొంతెత్తి వల్లించిన యెక్కములును, బెద్దబాలశిక్షయం దచ్చైన యెక్కములును నిందులకే. లాఘవోపాయము లెక్కముల కెక్కుడు మెట్లు గాని వానికి మాఱుగావు. ఏడెనిమిదులు తెలియనివానికిఁ దత్స్థము పనికిరాదు.

కావున బోధనాక్రమ మిట్లుండుట యుచితము. మొదట నెక్కములు, పిమ్మట 135 వంటి చిన్న యుదాహరణముమీఁద ఖండ, భాజక, స్థాన, ఇష్ట మార్గములు, అటుపైఁ గంఠాభరణములతో స్వయంపరీక్ష, కడపటఁ దత్స్థము. ఒక్కొక్క మార్గమునకు వెంటనే యుపపత్తి చెప్పవలయును. ఉపపత్తి లేని యుపాయము గారడివలె నగును. అది చూచువానిని వెఱగుపఱచునే గాని చేయువానిని స్వతంత్రునిఁ జేయదు. ఉపపత్తి యెఱిఁగినవాఁడు దా నెన్నఁడును జూడని సంఖ్యకుఁ దన యుపాయమును దానే కల్పించుకొనును. ప్రతిమార్గమునకు దానిఁ జెప్పిన గ్రంథకర్తపేరును, గాలమును జెప్పుట కొక్క నిమిషము చాలును. సారసంగ్రహగణితమునందలి గుణకారభాగమును, లీలావతిలోని గుణనవర్గప్రకరణములును, గణేశుని వ్యాఖ్యతోఁ గూడఁ దెలుఁగు తాత్పర్యముతో నొక్కచోటఁ బాఠశాలలకు లభించినచో, నీ యుపాయములకు వేఱు పేరు వెదకవలసిన పని యుండదు.